సముద్రముపై నున్న మన నావికులు



సైన్యమున చేరిన యువకుడు సెలవుపై వచ్చినపుడు గ్రామమంతయు అతని చుట్టు మూగి సరిహద్దు కబుర్లు అడుగును. నౌకాదళమున చేరినవాని సంగతి అట్లు కాదు. అతని ఓడ నేడు ఏ సముద్రముపై నున్నదో పలుమారులు ఇంటివారికే తెలియదు. ఓడ పోవు త్రోవ రహస్యముగా నుంచవలసినదే గదా! శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములలో ఇట్టి కుటుంబములు గల గ్రామములు అనేకము. కనుక ఆ నావికుల జీవనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ముందుగా భోజనము. 2013 నవంబరులో రష్యాలోని సెవెరోద్విన్‌స్క్ రేవున మన నౌకాదళమునకు అప్పగింపబడిన ‘విక్రమాదిత్య’ విమానవాహక నౌకపై సుమారు 1,600 మంది పనిచేయుదురు. ఒక చిన్న గ్రామమంత జనము. వీరికి నెలకు బియ్యము 16 టన్నులు, పాలు 20,000 లీటర్లు, గ్రుడ్లు దాదాపు లక్ష కావలెను. ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములు దినమునకు 400 టన్నుల నీటిని ఇయ్యగలవు. మంచినీటి పథకములతో అవస్థలు పడిన మీకు ఈ అంకె గొప్పతనము వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అన్ని ఓడలును ఇంత పెద్దవి కావు. చిన్న ఓడలపై నీరు లెక్కచూచి వాడుకొనవలెను. ఆకుకూరలు కొలది దినములకే అయిపోవును. పిదప మరల రేవు చేరువరకు ఉల్లి, బంగాళాదుంప, పప్పులే గతి.

ఇక పడక. విశాఖపట్టణపు సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిపిన ‘కురుసుర’ జలాంతర్గామిని మీలో కొందరు చూచియుందురు. అది 1969 నుండి 2001 వరకు సేవచేసినది. వంగి నడువవలసిన ఆ ఇరుకు దారులలో, యంత్రముల నడుమ, ఒకదానిపై నొకటిగా బల్లలు. అచ్చటనే నిద్ర, అచ్చటనే తిండి. రేయింబవళ్లు వంతులవారీ కాపలా.

తిండియు మర్యాదయు అల్పవిషయములని తలపరాదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని ‘తల్వార్’ స్థావరమున నావికులు నాసిరకపు తిండికిని, తెల్ల అధికారుల అవమానపు మాటలకును నిరసనగా పని మానిరి. కొలది దినములలో ఆ సమ్మె కరాచీ మొదలగు రేవులకు ప్రాకి బ్రిటిషు ప్రభుత్వమును కలవరపెట్టినది.

స్వతంత్ర భారత నావికులు దూరసముద్రములలో చేసిన పని తక్కువది కాదు. 2008 అక్టోబరులో మన యుద్ధనౌకలు ఏడెన్ సింధుశాఖలో ఓడదొంగలనుండి వర్తకనౌకలను కాపాడుటకు కాపలా ప్రారంభించినవి. 2015లో యెమెన్‌లో యుద్ధము చెలరేగినపుడు ‘సుమిత్ర’ నౌక ఏడెన్ రేవున ప్రవేశించి మనవారిని తరలించినది. 2020 మే నెలలో, కరోనా భయపు దినములలో, ‘జలాశ్వ’ మాలేనుండి 698 మందిని కొచ్చికి చేర్చినది.

ఇట్లు నెలల తరబడి దూరమున నున్నవానిని బాధించునది కెరటముల కన్న ఇంటి చింతయే. ఊరిలో ప్రతి దుక్కికిని పొలము గట్టు జానెడు జరుగును; అడుగువాడు లేడు. హక్కు తేల్చుట పంచాయతీ పని కాదు. కాని హద్దురాళ్లను పెద్దల యెదుట చూపించి, ఆ సంగతి వ్రాసి యుంచవచ్చును. విదేశములలో సేవచేయు సైనికుల వ్యాజ్యములు వారు లేనపుడు ఏకపక్షముగా తేలిపోకుండ వాయిదా వేయుటకు 1925 నాటి చట్టమొకటి అవకాశము కల్పించినది. ఈ విషయమున కలెక్టరుగారికి విన్నవించుట ఎట్లో ఆ యింటి ఇల్లాలికి తెలుపువారు కావలెను.

మరియొక మాట. పూర్వము సెలవు దొరకుటకై “తల్లికి ప్రమాదము, వెంటనే బయలుదేరుము” అని తంతి నిచ్చు అలవాటుండెడిది. 2013 జూలైలో తంతి సేవయే నిలిచినది; అలవాటు మాత్రము టెలిఫోనులోనికి చేరినది. నడిసముద్రమున నున్నవాడు ఆ మాట విని ఏమి చేయగలడు? రేవు చేరువరకు నిద్ర లేదు, పనిపై మనసు లేదు. అబద్ధపు కబుర్లు పెరిగినచో నిజముగా తల్లి మంచము పట్టినపుడు నమ్మువారుండరు. వ్యాధి నిజమైనచో వైద్యుని చీటీతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు తెలుపుట మేలు. ఆ కార్యాలయ మొకటి కలదని కూడ ఎరుగని కుటుంబములున్నవి. జిల్లా కేంద్రమునకు వేరే పనిమీద పోయినపుడైనను దాని చిరునామా, టెలిఫోను సంఖ్య వ్రాసికొని వచ్చి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపుడు.