నోరులేని ప్రాణికి నీడ

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద చదువు గురించి నాలుగు మాటలు చెప్పే పని మాకు అప్పగిస్తుంటారు. ఈసారి ఒక పిల్లి పిల్ల గురించి మాట్లాడతామని సెక్రటరీ గారి దగ్గర ముందే అనుమతి తీసుకున్నాము. వారు నవ్వినారు గానీ కాదనలేదు. ఉర్దూలో పాఠాలు చెప్పుకునే వాళ్ళము గనుక తెలుగులో అక్కడక్కడ ఇంటి మాటలు దొర్లుతాయి, పెద్దలు సర్దుకోవలసిందిగా మనవి.

పోయిన సంవత్సరం వానాకాలంలో మా బడి వెనుక కట్టెల కుప్ప సందున మూడు పిల్లి పిల్లలు దొరికినాయి. నెల దాటిన వయస్సు. తల్లి పిల్లి రెండు రోజులైనా తిరిగి రాలేదు. వాటిలో రెండింటిని వారం తిరగకముందే మా విద్యార్థుల ఇళ్ళవాళ్ళే తీసుకుపోయినారు. మూడవది మిగిలిపోయింది. అది నిలబడితే తూగుతుంది. నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగిపోతుంది. పళ్ళెంలో మూతి పెట్టబోతే తల గజగజ ఊగి ముక్కు కాస్తా తిండిలో కూరుకుపోతుంది. పడుకుని ఉన్నప్పుడు మాత్రం ఏ వణుకూ లేదు, మిగతా పిల్లుల మాదిరే ఉంటుంది.

చూసిన వాళ్ళు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందని ఒకరు, కాళ్ళు విరిగినాయని ఒకరు, పిచ్చి పట్టింది, ముట్టుకోవద్దని మరొకరు. ఒక పెద్దాయన మాత్రం జాలిపడి, “సూది వేయించి పడుకోబెట్టండి మాస్టరు సాబ్, దానికీ సుఖం, మీకూ సుఖం” అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. కానీ పిల్లలు అందరూ మా ముఖం వైపు చూస్తున్నారు. మేము ఏమి చెబుతామో, అదే వాళ్ళు నేర్చుకునే పాఠం.

ముందు పేరు దగ్గరే పేచీ వచ్చింది. కొందరు పిల్లలు దాన్ని “లంగ్డీ” అని పిలవడం మొదలుపెట్టినారు. అదే తరగతిలో కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లవాడు ఒకడు ఉన్నాడు. ఒకరినొకరు ఎగతాళి పేర్లతో పిలుచుకోవద్దని హుజురాత్ సూరాలో అల్లాహ్ మనకు ఆజ్ఞ ఇచ్చినాడు గదా అని గుర్తు చేసినాము. ఆ పిల్లవాడే లేచి, “ఊగుతుంది గదా సార్, ఝూలా అందాము” అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

తర్వాత అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయినాము. గేదెలు, గొర్రెలు తెచ్చుకున్న రైతులు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. పిల్లను నేల మీద నడిపించి చూసినారు, కళ్ళు చూసినారు, కాళ్ళు, వెన్ను తడిమి చూసినారు. ఎముక ఏదీ విరగలేదు. లోపమంతా చిన్నమెదడులో ఉందన్నారు. శరీరం తూకం తప్పకుండా, అడుగు ఎక్కడ వేయాలో సరిచూసే భాగం అది. తల్లి పిల్లి కడుపుతో ఉన్నప్పుడు పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు సోకితే కడుపులోని పిల్లలకు ఆ భాగం పూర్తిగా ఎదగదు. ఒక్కోసారి ఒకే కాన్పులో కొన్ని పిల్లలు బాగుండి, ఒకటి మాత్రం ఇలా పుడుతుంది.

డాక్టరు గారు చెప్పిన మాటల్లో మూడు విషయాలు మేము పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించినాము. ఒకటి, ఈ లోపానికి మందు లేదు, కానీ వయస్సుతో పాటు ముదిరేదీ కాదు. రెండు, ఈ వణుకు వల్ల దానికి నొప్పి లేదు, ఈ వణుకు ఇంకొకరికి అంటుకునేదీ కాదు. మూడు, పడిపోకుండా, కుక్కల పాలు కాకుండా కాపాడుకుంటే మామూలు పిల్లి బతికినన్నాళ్ళూ బతుకుతుంది. సూది సంగతి అడిగితే, “నొప్పే లేని ప్రాణికి సూది ఎందుకు?” అని తిరిగి మమ్మల్నే అడిగినారు.

పెద్దలారా, ఇక్కడ దీన్ సంగతి ఒకటి మనవి చేస్తాము. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ గురించిన హదీసు మనందరికీ తెలిసినదే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆమె దానికి తిండి పెట్టలేదు, పోనీ నేల మీద తిరిగే పురుగూ పుట్రా తిని బతకమని వదలనూ లేదు. ఆ కారణంగా శిక్షకు గురైంది. దీన్నిబట్టి మన ముందు రెండు దారులు ఉంటాయి, పెట్టడమో, వదలడమో. మన ఊళ్ళలో చాలామంది రెండవ దారి పట్టి, పిల్లలను గోనెసంచిలో వేసుకుపోయి చేపల మార్కెట్టులో వదిలి వస్తుంటారు. కానీ ఝూలా లాంటిదానికి ఆ రెండవ దారి మూసుకుపోయి ఉంది. ఎలుక సంగతి అటుంచి బల్లిని కూడా పట్టుకోలేదు. కుక్క వస్తే గోడ ఎక్కలేదు. అట్టిదాన్ని వదలడమంటే చంపడమే. చట్టం కూడా ఇదే చెబుతుంది. జంతువులు ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో వాటిని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పౌరుల ప్రాథమిక విధుల్లో జీవుల పట్ల దయ కూడా ఉంది. బడిలో ఈ పాఠం చెప్పే మేము బడి వెనుక దాన్ని మరచిపోతే ఎట్లా?

ఇళ్ళలో పిల్లి తిరిగితే నజస్ గదా అని అడిగిన తల్లులు ఉన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వజూ కోసం కోడలు నీళ్ళు పోస్తే, అంతలో పిల్లి వచ్చింది. అది తాగేదాకా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తే, పిల్లి అపరిశుద్ధం కాదని, మన ఇళ్ళలో మన చుట్టూ తిరిగే వాటిలో ఒకటని ప్రవక్త (స) సెలవిచ్చినారని చెప్పినారు. ఐదు వేలకు పైగా హదీసులు మనకు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) గారి ఆ పేరుకు అర్థమే పిల్లి పిల్ల తండ్రి అని. గొర్రెలు కాచుకునే రోజుల్లో చిన్న పిల్లిని రాత్రిపూట చెట్టు మీద పెట్టి, పగలు వెంట తీసుకుపోయేవారట. పేరు ఆ విధంగా వచ్చింది.

ఇక ఇల్లు వెతకడం. ఇదే అన్నిటికంటే కష్టమైంది. హైదరాబాదులో 1992లో మొదలైన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో మొదలైన వి.ఎస్.పి.సి.ఎ. వంటి సంస్థలు నోరులేని ప్రాణులకు చేస్తున్న సేవ గొప్పది. కానీ అవి మనకు దూరం. పైగా ఎన్నో పిల్లుల మధ్య, తిండి దగ్గర నెట్టుకోలేని ఇలాంటిదానికి ఒక ఇంటి మూల ఉంటే మేలని డాక్టరు గారి సలహా. అందుకని మొహల్లాలోనే అడుగుతూ పోయినాము.

మొదట ఒక బియ్యం దుకాణం వారు ముందుకు వచ్చినారు. ఎలుకల బెడద ఎక్కువగా ఉందట. “చిన్నది గదా, పెద్దయితే పడుతుందిలే” అని వాళ్ళే అనుకుంటున్నారు. మేము నోరు మూసుకుని ఉంటే ఆ రోజే పని అయిపోయేది. కానీ ప్రవక్త (స) బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, అడుగున తడి తగిలితే, తడిసిన ధాన్యం జనానికి కనబడేటట్లు పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని మందలించిన సంగతి మేమే పిల్లలకు పాఠంగా చెప్పినాము. పిల్లి పిల్లను ఇచ్చేటప్పుడు కూడా తడిసిన ధాన్యం పైనే ఉండాలి. ఇది ఎన్నటికీ ఎలుకలను పట్టదు అని చెప్పినాము. వాళ్ళు వద్దన్నారు. దాచి ఇచ్చి ఉంటే నెల తిరగకముందే ఝూలా చేపల మార్కెట్టులో ఉండేది.

రెండవ ఇల్లు మేడ మీద ఉంది, మెట్లకు పిట్టగోడ లేదు. మేమే వద్దన్నాము. మూడవ ఇంటివారు చిన్నపిల్లలు ఆడుకోవడానికి కావాలన్నారు. రెండేళ్ళ బిడ్డ తోక పట్టి లాగితే తప్పించుకోలేని పిల్లి అని చెప్పినాము. వాళ్ళూ ఆలోచించుకుని వద్దన్నారు. ఈ విధంగా రెండు నెలలు గడిచినాయి. ఆదివారాలు, సెలవు దినాలు వంతులేసుకుని పిల్లలే ఇళ్ళకు తీసుకుపోయేవారు.

చివరికి దొరికిన ఇల్లు మన మొహల్లాలోనిదే. కుట్టుపని చేసుకునే ఒక తల్లి. పేరు చెప్పవద్దని కోరినారు. ఆమె కూతురికి ఇరవై ఏళ్ళు, పుట్టుకతోనే నడక లేదు, నేల మీద జరుగుతూ తిరుగుతుంది. ఆ బిడ్డ కోసమని తల్లి ఎప్పుడో గడపలు తీయించింది, నీళ్ళ బిందె చేతికందేంత ఎత్తులో పెట్టింది, గచ్చు మీద జారకుండా గోనెపట్టాలు పరిచింది. మేము ఝూలాకు ఏమేమి కావాలో జాబితా చదువుతుంటే ఆమె మధ్యలోనే ఆపి, “ఇవన్నీ మా ఇంట్లో ఉన్నవే గదా మాస్టరు సాబ్” అన్నది.

ఇట్టి ప్రాణి మీ చేతికి వస్తే ఉపయోగపడుతుందని ఆ జాబితా ఇక్కడ చెబుతాము. నున్నటి గచ్చు మీద జారుతుంది గనుక పట్టాలు పరచాలి. తిండి పళ్ళెం బరువుగా, లోతు తక్కువగా ఉండాలి. మట్టిపెట్టె ముందువైపు అంచు తక్కువగా, మిగతా మూడు వైపులా ఎత్తుగా ఉంటే ఆనుకుని నిలబడుతుంది. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లులకు అరగవు, విరేచనాలు అవుతాయి. పాలన్నంతో పిల్లి బతకదు. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుండే రావాలి, లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలని ఉడికించిన మాంసం ముక్కలు పెట్టండి. జ్వరం వచ్చిందని మన ఇంట్లో ఉండే పారాసిటమాల్ మాత్రం వేయకండి, పిల్లికి అది విషం. ఫినాయిలు వేసి తుడిచిన నేల నాకినా ప్రమాదమే. టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి డాక్టరు చెప్పిన గడువుల్లో పూర్తి చేయించాలి, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. ఇక మనుషుల జాగ్రత్త. ఏ పిల్లి కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఇందులో అశ్రద్ధ పనికిరాదు.

“మనుషులకే దిక్కు లేదు, పిల్లికి ఖర్చా?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జకాతు సొమ్ము ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది, అందరూ మనుషులే. కాబట్టి ఝూలా కోసం సొసైటీ జకాతు పద్దులో నుండి ఒక్క పైసా తీసుకోలేదు. మేము, పిల్లలు ఇష్టపూర్వకంగా ఇచ్చిన సదఖాతోనే మందులు, టీకాలు జరిగినాయి. దాహంతో ఉన్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడుతో నీళ్ళు తోడి పోసిన మనిషికి అల్లాహ్ క్షమాభిక్ష ప్రసాదించినాడని హదీసు. ఆ మనిషికి ఖర్చు ఏమైంది? శ్రమ ఒక్కటే.

ఇక ఆ ఇంట్లో జరిగిన మరొక సంగతి. ఆరు నెలల వయస్సులో ఝూలాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించవలసి వచ్చింది. ఆ రోజు బుట్ట ఒడిలో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి ఆ అమ్మాయే వచ్చింది. ఆసుపత్రికి తన కోసం కాకుండా ఇంకొకరి కోసం పోవడం కూతురికి అదే మొదటిసారి అని తల్లి మాతో చెప్పింది. డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ అమ్మాయే జవాబు చెప్పింది. ఎంత తింటున్నది, ఏ వైపుకు ఎక్కువ ఒరుగుతున్నది, రోజుకు ఎన్నిసార్లు పడుతున్నది, అన్నీ లెక్కగా చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ ఇంటి ముందు నుండే బడికి నడిచి పోతున్నాము. లోపల ఇంత తెలివైన బిడ్డ ఉన్నదని మొహల్లాలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి సొసైటీ పెద్దలకు మూడు విజ్ఞప్తులు. ఒకటి, ఆఫీసులో ఒక పుస్తకం పెట్టండి. దిక్కులేని ప్రాణికి కొన్నాళ్ళు నీడ ఇవ్వగల ఇళ్ళవారు అందులో పేరు రాయించుకుంటారు. రెండు, పెంపుడు పిల్లులకు ఆపరేషను, టీకాలు చేయించే విషయం జుమా నమాజు తర్వాత నాలుగు మాటలుగా చెప్పించండి. గోనెసంచుల అవసరమే తగ్గుతుంది. మూడు, అదే పుస్తకంలో ఇంకొక పేజీ తెరవండి. మన ఇళ్ళలో గడప దాటని బిడ్డలు ఎందరున్నారో అందులో రాయండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డలకు ఆరు నుండి పద్దెనిమిది ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. సర్టిఫికెట్టు కోసం ఆసుపత్రికి వెంట పోవడానికి మనిషి కావాలంటే మా ఉపాధ్యాయులము సిద్ధంగా ఉన్నాము.

పేరు రాయించే తల్లిదండ్రులు దేనికీ సిగ్గుపడవద్దు. తడి దాచకుండా చెప్పండి. దాన్ని చూసి కూడా చెయ్యి చాచేవాళ్ళు మన మొహల్లాలోనే ఉన్నారని మేము కళ్ళారా చూసినాము.

మన చేతుల్లో పెట్టిన ప్రతి అమానతును కాపాడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.