కళింగ నగరానికి దారి ఎటు?

గుళ్ల గురించి మాట్లాడుతున్నాం కదాని మాకు భక్తి ముదిరిందనుకోకండి. మేము చెప్పేది మన చరిత్ర గురించి.

ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి విజయనగరం నుంచి నలుగురం బయలుదేరాం. అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం అందరూ చూసేవే. మేము జనం పెద్దగా వెళ్లని దారి పట్టాం.

నెల్లిమర్ల దాటి సరిపల్లి చేరేసరికి ఇంకా మసక చీకటే. తూర్పు గాంగుల నాటి దిబ్బిలింగేశ్వరాలయం ముందు మేము తప్ప ఎవరూ లేరు. పొలానికి పోతున్న పెద్దాయన ఆగి, "ఏటి బాబూ, దారి తప్పినారా?" అన్నాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. సొంత జిల్లాలోనే దారి తప్పినవాళ్లలా కనబడ్డాం.

అక్కడి నుంచి వంగర మండలం సంగాం. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసేచోట సంగమేశ్వరుడు ఉన్నాడు. నాగావళి తీరాన బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఐదు లింగాల్లో ఇదొకటి. 2022లో ఈ మండలం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. గీత మారింది గానీ నది మారలేదు.

పాలకొండ మీదుగా వెళ్లి, వంశధార దాటి శ్రీముఖలింగం చేరాం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ అక్కడే. మధూకమంటే ఇప్పచెట్టు. శివుడు ఇప్పచెట్టులో సవరలకు కనబడ్డాడని స్థలపురాణం. అంటే ఈ దేవుడి కథ అడవి బిడ్డలతోనే మొదలైంది.

తూర్పు గాంగుల రాజధాని కళింగ నగరం ఇదే. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథాలయాన్ని మొదలుపెట్టింది ఆయనే. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడిదీ అదే వంశం. పూరీకి, కోణార్క్‌కు రైలెక్కి పోతాం. ఆ వంశం పుట్టిల్లు మన ఊళ్ల మధ్యే ఉంటే తొంగిచూడం!

దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఈ గుడి శాసనాలు చదివారు. కళింగ నగరం ఇదేనని చెప్పారు. మేము డిగ్రీలు చదివాం. ఒక్క తరగతిలోనూ ఈ మాట వినలేదు.

మన చరిత్ర ఎవరో రాయలేదని ఎంతకాలం అంటాం? విద్యార్థులారా, మీ ఊరి గుడి గోడ మీద అక్షరాలుంటే ఫొటో తీయండి, పెద్దలు చెప్పే కథ రాసిపెట్టండి. ఉద్యోగ మిత్రులారా, ఒక్క సెలవురోజు వాళ్లకు తోడు వెళ్లండి. శాసనం మీద సున్నం కొడుతుంటే ఆపండి. రాయి మీద ఉన్నది పోతే మళ్లీ రాసేవారు లేరు.

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)