స్వరకర్త చేతుల మీదుగా గ్రహాలు: 1926 నాటి ఒక రికార్డింగు



ఎవరి పేరున నెలకొల్పిన స్మారకనిధి తరఫున ఇవాళ ఇక్కడ కలుసుకున్నామో ఆ పెద్దాయన గ్రామఫోను ప్లేట్లను గ్రంథాలంత గౌరవంగా చూసేవారు. పాట బాగుందా అన్నది ఆయనకు రెండో ప్రశ్న. ఎవరు పాడారు, ఏ ఏడు, ఏ యంత్రం ముందు నిలబడి పాడారు అన్నవి ముందు తేలాలి. నేనూ ఆ దారినే ఒకే ఒక్క రికార్డింగు గురించి మాట్లాడతాను. ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ తన 'ది ప్లానెట్స్' కృతిని లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా చేత వాయింపించి, తానే కండక్టర్‌గా 1926లో కొలంబియా కంపెనీకి ఇచ్చిన రికార్డింగు అది.

హోల్స్ట్ 1874లో చెల్టెనమ్‌లో పుట్టాడు. బతుకుతెరువు పంతులు ఉద్యోగం. లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో 1905 నుంచి సంగీతం చెప్పాడు. 1913లో ఆ బడి అతనికొక గది కట్టించింది, బయటి చప్పుడు లోపలికి రాని గది. వారమంతా పాఠాలు, ఆదివారం ఆ గదిలో రచన. 'ప్లానెట్స్' అలా 1914, 1916 మధ్య తయారైంది. కుడిచేతి నరాల నొప్పి వల్ల కలం పట్టడమే కష్టమైతే, బడిలోని సహోద్యోగినులు నోరా డే, వాలీ లాస్కర్ రాతపనిలో తోడు నిలిచారు.

మనకు దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. హోల్స్ట్ సంస్కృతం నేర్చుకున్నాడు. అచ్చులో ఉన్న ఇంగ్లీషు అనువాదాలు తృప్తినివ్వక, లండన్‌లో మేబెల్ బోడ్ అనే విదుషి దగ్గర చదువుకుని ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషులోకి తెచ్చుకుని స్వరపరిచాడు. మేఘసందేశం ఆధారంగా ఒక బృందగానం రాశాడు. మహాభారతంలోని సావిత్రి కథను 1908లో అరగంట ఒపేరాగా మలిచాడు. మూడే మూడు పాత్రలు: సావిత్రి, సత్యవంతుడు, యముడు. అందులో ప్రేక్షకులకు కనబడని చోట నుంచి స్త్రీలు మాటల్లేకుండా వట్టి అచ్చుతో పాడతారు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పని ఉంది.

గ్రహాల మీదికి అతని మనసు మళ్ళింది ఖగోళశాస్త్రం వల్ల కాదు. 1913లో మజోర్కా విహారయాత్రలో మిత్రుడు క్లిఫర్డ్ బాక్స్ జ్యోతిషం సంగతి ఎత్తాడు. అప్పటి నుంచి హోల్స్ట్ స్నేహితులకు జాతకాలు వేయడం మొదలుపెట్టాడు. అందుకే ఏడు భాగాల్లో భూమి లేదు. కుజుడు యుద్ధాన్ని, శుక్రుడు శాంతిని, గురుడు సంతోషాన్ని, శని ముసలితనాన్ని తెస్తారు. బుధుడు రెక్కల దూత, యురేనస్ మాంత్రికుడు, నెప్ట్యూన్ మర్మజ్ఞుడు.

తొలి ప్రదర్శన 1918 సెప్టెంబరు 29న లండన్ క్వీన్స్ హాలులో జరిగింది. హోల్స్ట్ సైనికుల మధ్య పనికి సలోనికా వెళ్ళబోతుంటే, మిత్రుడు బాల్ఫర్ గార్డినర్ సొంత డబ్బుతో హాలూ ఆర్కెస్ట్రా కుదిర్చి వీడ్కోలు కానుకగా ఇచ్చాడు. ఆహ్వానితులే శ్రోతలు. హోల్స్ట్ శిష్యురాళ్ళే బృందగాయనులు. కండక్టర్ ఏడ్రియన్ బౌల్ట్‌కు అప్పటికి 29 ఏళ్ళు. ఆ పేరు మళ్ళీ వస్తుంది.

ఇక రికార్డింగు. హోల్స్ట్ ఈ కృతిని రెండుసార్లు రికార్డు చేశాడు. మొదటిది 1922లో మొదలైంది. అప్పటికి రికార్డింగులో మైకు వాడకం లేదు. వాద్యకారులందరూ ఒక కొమ్ముబూర ముందు కిక్కిరిసి కూర్చోవాలి. ఆ బూరలోకి దూరిన శబ్దమే సూదిని కదిలించి మైనం పలక మీద గాడి గీస్తుంది. ఈ కృతికి ఆరు హార్న్‌లు, నాలుగు ట్రంపెట్లు, రెండు హార్ప్‌లు, ఇద్దరు టింపనీ వాద్యకారులు, ఆర్గాన్ కావాలి. అంతటి దళాన్ని బూర నోట్లో ఇరికించారు. 1925 నాటికి రికార్డింగులోకి మైక్రోఫోను వచ్చింది. పాత ప్లేట్లు రాత్రికి రాత్రే పాతబడ్డాయి. హోల్స్ట్ మళ్ళీ స్టూడియోకి వెళ్ళి మొత్తం కృతిని ఇంకోసారి రికార్డు చేయించాడు. నేను మాట్లాడుతున్నది ఆ రెండోదాని గురించి.

అప్పటి పన్నెండు అంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది నాలుగున్నర నిమిషాలు, అటూ ఇటూగా. టేపు లేదు, అతికింపు లేదు. ఎవరైనా తప్పు వాయిస్తే ఆ వైపు మొత్తం మొదటి నుంచి వాయించాల్సిందే. కాబట్టి ఇందులో మనం వినేది అచ్చంగా నాలుగేసి నిమిషాలు ఊపిరి బిగపట్టి వాయించిన ఆర్కెస్ట్రానే.

కుజుడితో మొదలుపెడదాం. తాళం అయిదు. మన ఖండచాపు రెండూ మూడూగా విరిగితే, ఇక్కడ మూడూ రెండూగా విరుగుతుంది. వయొలిన్ వాళ్ళు కమాను వెంట్రుకతో కాక కర్రతో తీగను కొడుతుంటే ఆ అయిదు దెబ్బలు ఎండిన టకటకలుగా మొదలవుతాయి. సినిమా యుద్ధాల నేపథ్య సంగీతం విని పెరిగిన మన చెవి ఇక్కడ బరువైన, నింపాదిగా నడిచే రాక్షసుణ్ణి ఎదురుచూస్తుంది. హోల్స్ట్ చేతిలో అలాంటి రాక్షసుడు లేడు. అతని కుజుడు పరుగెడతాడు. దయ లేదు, కోపమూ లేదు. ఒక యంత్రాన్ని తిప్పి వదిలేస్తే ఎవరు అడ్డమొచ్చినా ఆగనట్టు సాగుతుంది. ఆరు నిమిషాల పైచిలుకులో ముగిసిపోతుంది. ఇదే భాగానికి బౌల్ట్ 1978లో దాదాపు ఎనిమిది నిమిషాలు తీసుకున్నాడు.

ప్లేటులో చోటు చాలక తొందరపడ్డాడని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఆరు నిమిషాల సంగీతం ఎలాగూ ఒక వైపు పట్టదు, రెండు వైపులూ కావాలి. రెండు వైపులా కలిపితే ఎనిమిది నిమిషాలకు పైగా చోటుంది. కావాలంటే నింపాదిగా వాయింపించగలడు. వద్దనుకున్నాడు. 1914 ఆగస్టులో యుద్ధం రాకముందే ఈ భాగం రూపం కట్టుకున్నదని మనకు తెలుసు. కనుక ఇది యుద్ధం చూసి భయపడ్డవాడి సంగీతం కాదు. యుద్ధం గురించి ముందే ఆలోచించినవాడి సంగీతం. ఆ వేగంలో నాకు వినిపించేది ఆ ఆలోచనే.

గురుడిలోని నడిమి రాగం ఇంగ్లండులో దేశభక్తి గీతమైపోయింది. 1921లో దానికి సెసిల్ స్ప్రింగ్ రైస్ పద్యం జతకలిసింది. నేటి కండక్టర్లు చాలామంది అక్కడికి రాగానే గుండె మీద చేయి వేసుకున్నట్టు సాగదీస్తారు. హోల్స్ట్ సాగదీయడు. వేడుకల మధ్య వచ్చిన ఒక పాటగానే దాన్ని నడిపించి, మళ్ళీ సందడిలో కలిపేస్తాడు. ఇదొక్కటి విన్నా ఈ రికార్డింగు విలువ తెలుస్తుంది.

శని హోల్స్ట్‌కు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. శని పేరు చెబితేనే నువ్వులూ నూనే గుర్తొచ్చే మనకు ఇది ఆశ్చర్యం. రెండే స్వరసమ్మేళనాలు ముసలివాడి అడుగుల్లా అటూ ఇటూ ఊగుతూ మొదలవుతాయి. మధ్యలో గంటలు బెదురు పుట్టిస్తాయి. చివరికి ఆ బెదురంతా సద్దుమణిగి, వచ్చిన ముసలితనాన్ని ఒప్పుకున్నవాడి నెమ్మది మిగులుతుంది. ఏలినాటి శనిని దాటినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

నెప్ట్యూన్‌లో ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి తిరిగొస్తుంది. కనబడని స్త్రీల గొంతులు, మాటల్లేని పాట. సావిత్రి ఒపేరాలోని ఆ బృందమే ఇక్కడికి వచ్చిందంటాను. బృందాన్ని పక్కగదిలో ఉంచాలని, చివర తలుపు మెల్లగా మూయాలని, శబ్దం దూరంలో కలిసిపోయేదాకా ఆఖరి స్వరఖండాన్ని పాడుతూనే ఉండాలని హోల్స్ట్ స్వరలిపిలో రాశాడు. అంత సన్నని శబ్దానికి 1926 ప్లేటు గరగర పెద్ద శత్రువు. ఈ భాగంలో రికార్డింగు ఓడిందని దాచకుండా చెబుతున్నాను. నెప్ట్యూన్ కోసం కొత్త రికార్డింగుల దగ్గరికే వెళ్ళాలి.

హోల్స్ట్ 1934లో పోయాడు. బౌల్ట్ ఈ కృతిని 1945 మొదలు అయిదుసార్లు రికార్డు చేశాడు. చివరిది 1978లో లండన్ ఫిల్‌హార్మోనిక్‌తో, 89 ఏళ్ళ వయసులో. అది గొప్ప రికార్డింగు, సందేహం లేదు. అయినా అది అరవై ఏళ్ళు ఆ కృతితో కలిసి బతికిన వ్యాఖ్యాత మాట. మూలకర్త మాట 1926 ప్లేట్లలో ఉంది. మన పండితులు మూలాన్ని పక్కన పెట్టుకోకుండా వ్యాఖ్యానాన్ని చదవరు. సంగీతానికీ ఆ మర్యాద చెల్లించాలి.

ఈ రికార్డింగును శుభ్రపరిచి సీడీలుగా వేశారు. గరగర ఇంకా ఉంటుంది. అయిదు నిమిషాలు ఓపిక పడితే చెవి దాన్ని పక్కకు తోసేస్తుంది. మీలో కుర్రవాళ్ళను ప్రత్యేకంగా కోరుతున్నాను: ముందు హోల్స్ట్ కుజుణ్ణి, గురుణ్ణి, శనిని వినండి. బౌల్ట్ 1978 రికార్డింగును ఆ తరువాత వినండి. ఈ వరస మాత్రం తిరగేయకండి.