లస్కరు కర్ర, అమ్మాయి ఫోను
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఆఫీసులో పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి పనిచేయడం" గురించి మాట్లాడమన్నారు. నేను కాలువల ఇంజినీరుని. ఒక్క రాత్రి సంగతి చెబుతాను.

2022 జూలై. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశారు. 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వరద 25 లక్షలు దాటింది. ఏటిగట్టు మీద కాపలా ఉన్నాం. రిటైర్మెంటు దగ్గరపడ్డ లస్కరు ఒకాయన, కుర్రతనంలో 1986 వరద చూసినవాడు, కర్రా టార్చిలైటూ పట్టుకుని గట్టు కింద తిరుగుతున్నాడు. కొత్తగా చేరిన ఏఈ అమ్మాయి ఫోనులో భద్రాచలం నీటిమట్టం గంటగంటకూ చూసి లెక్కలు కడుతోంది.

"ఫోను గట్టుని చూడదమ్మా" అన్నాడాయన. "బాబాయ్ ఏదీ రాసివ్వరు సార్" అందామె. నేను విసుక్కుని అందరి ముందూ అనేశాను: "ఆయన 86 చూశాడు. నువ్వు నిన్న వచ్చావు."

ఆమె నోరు మూసుకుంది. నది నిలకడగా ఉందనుకుని నేను సగం మంది కూలీలను పడుకోమని పంపేశాను.

రాత్రి రెండింటికి లస్కరు పరుగున వచ్చాడు. "ఇందాకటిదాకా ఊట తేటగా ఉంది సార్. ఇప్పుడు మట్టితో వస్తోంది." తేట ఊటతో అంత భయం లేదు. మట్టి వస్తోందంటే గట్టు లోపల కోసుకుపోతోందని అర్థం. చేతికింద మనుషులు లేరు. ఆ అమ్మాయే ఊళ్లో కుర్రాళ్లకు ఫోన్లు చేసి లేపింది. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో రింగుబండ్ కట్టాం. గట్టు నిలిచింది.

తెల్లారాక టీ తాగుతుంటే తెలిసింది, నీరు ఇంకో అడుగు పెరుగుతుందని ఆమె లెక్కలో అర్ధరాత్రికే తేలిందట. "మరి చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"నిన్న వచ్చినదాన్ని కదా సార్."

అక్కడున్న అందరి ముందే క్షమించమన్నాను. అప్పటినుంచి మా దగ్గర రెండు పద్ధతులు. మీటింగులో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్లు చివర. గట్టు మీదికి ఇద్దరు కలిసి వెళ్లాలి: ఒకరు పాత, ఒకరు కొత్త. ఆ లస్కరు రిటైరయ్యేలోగా, కాలువలు కట్టేసిన వేసవిలో, ఆ అమ్మాయి ఆయన వెంట గట్టంతా నడిచింది. ఆయన చూపిన ప్రతి ఊటనూ మ్యాపులో గుర్తించింది. ఇవాళ ఆయన ఇంట్లో ఉన్నాడు. ఆయనకు తెలిసిందంతా మా బీరువాలో ఉంది.

1852లో పూర్తయిన ఆనకట్టకు కాటన్ దొర లెక్క ఒక్కటే సరిపోలేదు. కూలీలను కూడగట్టిన వీణెం వీరన్నగారూ కావలసివచ్చారు.

చివరగా ఒక మనవి. ఇప్పుడు భోజనాలకు లేస్తాం. మీ బ్యాచ్ వాళ్ల పక్కన కూర్చోకండి. మీకంటే పాతికేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చోండి. ముందు వాళ్లని మాట్లాడనివ్వండి.

సెలవు.