ఆటలో ఓడి వచ్చిన బిడ్డ
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన ఊరి పిల్ల పోటీలలో గెలిచి వచ్చినచో మేళతాళములతో ఎదురేగుదుము. ఓడి వచ్చి బస్సు దిగిననాడు పలుకరించువారెవరు? మేము నేడు చెప్పదలచినది ఆ దినమును గూర్చియే.

అమెరికా దేశపు జిమ్నాస్టు సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్సున జట్టు పోటీ నడుమ విరమించుకొనెను. గాలిలో తిరుగుచుండగా తన దేహము ఎచ్చట నున్నదో ఆమెకు తెలియకపోయెను. అట్టి స్థితిలో దూకినచో మెడ విరుగవచ్చును. అయినను పిరికిదని నిందించినవారు కలరు. ఆమె మానసిక చికిత్సకుల సాయము పొందుచు, 2024లో పారిస్‌లో మూడు స్వర్ణములు గెలిచెను. కాలు బెణికినచో కట్టు కట్టుదుము. మనసు నలిగినచో తిట్టుదుము!

అమెరికా మాట అటుండనిండు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు కూలివారి బిడ్డ దీప్తి జీవన్‌జీని, బుద్ధి వికాసమున లోపము కలదని, చిన్ననాడు ఊరివారే కొందరు ఎగతాళి చేసిరి. 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగున ఆమె కాంస్యము తెచ్చెను. ఊరి మాట బరువెంతో ఆ తల్లిదండ్రులకు తెలియును.

పంచాయతీ చేయదగిన పనికి నిధులు అక్కరలేదు. ఓడిన పిల్లను రచ్చబండ వద్ద సంజాయిషీ అడుగరాదు. ఇంటికి పోయి, అన్నము తింటివా అని అడుగవలెను. నిద్రాహారములు మాని, మైదానమునకు రానని వారముల తరబడి మొరాయించినచో సోమరితనమని కొట్టివేయరాదు. చావు మాట పలికినచో ఆ బిడ్డను ఒంటరిగా విడువక, ఆ గడియలోనే సాయము కోరవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ అంకెలను పాఠశాల గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.