పాదానికి గుచ్చుకోని మేకు



1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక భవన నిర్మాణ కార్మికుడి ఉదంతం అచ్చువేసింది. 29 ఏళ్ల మనిషి. పైనుంచి దూకగానే 15 సెంటీమీటర్ల మేకు మీద కాలు పడింది. మేకు బూటును చీల్చుకుని పైకి వచ్చింది. కాలు కాస్త కదిలినా అతను విలవిల్లాడిపోయాడు. ఆసుపత్రిలో ఫెంటానిల్ అనే నొప్పి మందు, మత్తుమందు ఇచ్చాకే మేకును లాగగలిగారు. బూటు విప్పి చూస్తే పాదానికి గాయమే లేదు. మేకు వేళ్ల సందులోంచి దూసుకుపోయింది.

అతను నటించలేదు. పొడుచుకొచ్చిన మేకును కళ్లు చూశాయి, కాలికి ముప్పు వచ్చిందని మెదడు తేల్చుకుంది, నొప్పి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో దీనికి పూర్తి విరుద్ధమైన ఉదంతం ఉంది. ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ నొప్పికి మందు కావాలా అని అడిగితే, కావాలన్నవారు దాదాపు నాలుగో వంతు మందే. 1946లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట ఆ సైనికుల నొప్పిని తగ్గించిందని ఆయన అభిప్రాయం.

ముప్పు అనిపించిన క్షణాన సింపథెటిక్ నాడుల ద్వారా అడ్రినలిన్, పిట్యూటరీ గ్రంథి మీదుగా వెళ్లిన కబురుతో కార్టిసాల్ రక్తంలోకి విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ముప్పు తప్పాక ఇదంతా సద్దుమణగాలి. కొందరిలో సద్దుమణగదు. దొంగ ఎప్పుడో వెళ్లిపోయినా తెల్లవార్లూ మొరిగే కుక్కలా ఒంట్లోని కాపలా వ్యవస్థ లేచే ఉంటుంది. నడుము పట్టేసిన మనిషి వంగడానికి భయపడతాడు. భయంతో కండరాలు ఇంకా బిగుస్తాయి, మెదడు ఇంకా అప్రమత్తమవుతుంది. మొదటి దెబ్బ మానిపోయినా నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

నేర్చుకున్న ఈ భయాన్ని మెదడు మరిచిపోగలదా? అమెరికాలోని బౌల్డర్ నగరంలో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్నే పరీక్షించారు. దీర్ఘకాలిక నడుమునొప్పి ఉన్న 151 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నాలుగు వారాల పాటు శిక్షణ ఇచ్చారు. అక్కడ జరిగింది పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. మనిషి కుర్చీలో కూర్చుని నొప్పిని తరిమేయాలని చూడకుండా, అది ఎక్కడ ఉంది, మంటలా ఉందా, లాగినట్టుందా, ఎటు జరుగుతోంది అని గమనిస్తాడు. ఇది వెన్ను విరిగిన సూచన కాదు, మెదడు పొరపాటున ఇస్తున్న హెచ్చరిక అని తనకు తాను చెప్పుకుంటాడు. ఆపైన తాను భయపడే పనినే కొంచెం కొంచెంగా చేస్తాడు. శిక్షణ ముగిసేసరికి ఆ జట్టులో 66 శాతం మందికి నొప్పి పోయింది, లేదా దాదాపు పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న జట్టులో ఇది 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 10 శాతం. ఏడాది తర్వాత కూడా ఆ మేలు చాలావరకు నిలిచింది. 2021లో వెలువడిన ఈ ఫలితం ఎంతోమందికి కొత్త ఆశ ఇచ్చింది.

అయితే ఆ 151 మందిలో ఎక్కువమంది నొప్పి ఓ మోస్తరుదే. సియాటిల్‌లో దీర్ఘకాలిక నడుమునొప్పి ఉన్న 342 మందిపై జరిగి 2016లో వెలువడిన మరో పరిశోధనలో ధ్యాన శిక్షణ పొందినవారిలో 61 శాతం మంది రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గంత మెరుగుపడ్డారు. మామూలు వైద్యంలో అది 44 శాతం. తేడా ఉంది, కానీ అద్భుతం కాదు.

ఇక్కడే, వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ పట్టాలు అందుకున్న మీ బాధ్యత బరువెక్కుతుంది. మెదడుకు శిక్షణ ఇస్తే ఏ జబ్బయినా పోతుందని కోర్సులు అమ్ముకునేవారు ఉన్నారు. దీర్ఘకాలిక అలసట వ్యాధి ఉన్నవారికి 'లైట్నింగ్ ప్రాసెస్' అనే శిక్షణ సూచించవద్దని బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2021లో స్పష్టంగా చెప్పింది. టీబీకి మందులు మింగాల్సిందే. టైప్ 1 మధుమేహానికి ఇన్సులిన్ తప్పదు. ధ్యానం మందుకు తోడుగా నిలవగలదు గానీ దాని స్థానం తీసుకోలేదు.

రేపు మీ ఓపీకి నడుమునొప్పితో ఒకామె ప్లాస్టిక్ కవరు నిండా ఎక్స్‌రేలు, స్కానింగులు పట్టుకుని వస్తుంది. అప్పటికే ముగ్గురు డాక్టర్లు "ఏమీ లేదమ్మా, అంతా నీ భ్రమ" అని పంపేసి ఉంటారు. ఆ మాట వైద్యపరంగా తప్పు, మానవత్వం దృష్ట్యా అన్యాయం. ముందు కాళ్లలో బలం తగ్గిందా, మూత్రం మీద పట్టు తప్పిందా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అని చూడాలి. అవేవీ లేవని తేలాక, నొప్పి నిజమేనని, ఎముక మాత్రం పదిలంగా ఉందని ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఎదురుగా నిలబెట్టి ఒక్కసారి మెల్లగా ముందుకు వంగించాలి. ఇంట్లో రోజూ ఎంత వంగాలో చీటీ మీద రాసి, రెండు వారాలకు మళ్లీ రమ్మని తేదీ వేయాలి.