సైన్సు చేతికి అందాలి



మన సంఘాలు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చిన పిల్లలకు శాలువాలు కప్పుతున్నాయి. సంతోషమే. కానీ సైన్సు విషయంలో అప్పటికే ఆలస్యం అవుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే పిల్లలు "ఇది నాకు రాదు" అని మనసులో తీర్మానం చేసేసుకుంటారు.

పైగా మన పిల్లలకు ఇంట్లో తెలుగు. బడిలో ఒడియానో, తమిళమో, మరాఠీనో, కన్నడమో. కంటితో చూడని వస్తువు గురించి ఇంట్లో మాట్లాడని భాషలో చెబితే బట్టీ పట్టక ఏం చేస్తారు?

బీదవాళ్ల బడుల్లో సైన్సు బాగా చెప్పొచ్చని మన దేశంలోనే చేసి చూపించారు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లా, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. అక్కడ 1972లో 16 మిడిల్ స్కూళ్లలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు ఈ పని మొదలుపెట్టాయి. 1978లో జిల్లా అంతటికీ పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ తర్వాత ఆ బాధ్యత తీసుకుంది.

వాళ్ల పద్ధతి సులువు. పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చుంటారు. పుస్తకంలో ప్రశ్నలుంటాయి, జవాబు ప్రయోగం చేసి వాళ్లే రాసుకోవాలి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు కూడా సామానే. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లొచ్చు. బట్టీకి చోటు లేదు. టీచర్లకు ముందు శిక్షణ, తర్వాత నెలనెలా సమావేశం.

అంత మంచి పనిని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్ల పని ఒక్క ఉత్తర్వుతో పోయింది. అందుకే ఇలాంటిది బడికే వదిలేయకుండా తల్లిదండ్రులం మనమూ పట్టుకోవాలంటాను.

మన దగ్గర సామాను లేదా? గంజి పెట్టిన పడుగు నూలు మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లనీలం అవుతుంది. గంజి పోయేలా ఉడికించి ఉతికిన నూలు మీద అవ్వదు. ఎందుకని? నీలి తొట్టిలోంచి తీసిన నూలు పచ్చగా ఉండి, గాలి తగిలితే నీలం తిరుగుతుంది. ఎందుకని? 840 గజాల చిలపలు 40 కలిపి ఒక పౌను తూగితే అది 40 నంబరు నూలు. మరి 80 నంబరు సన్నమా, లావా? జాకార్డు అట్టలో రంధ్రం ఉంటే ఒక పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఇదంతా సైన్సే, లెక్కలే.

ఒక్క మాట. మగ్గం దగ్గర సైన్సు ఉందన్నానని పిల్లల్ని బడి మాన్పించి కండెలు చుట్టించకండి. కాస్టిక్ సోడా దగ్గరికి అసలు రానివ్వకండి, దూరం నుంచి చూపించండి. మన చేతికి పని తెలుసు, దాని వెనక కారణం చెప్పాల్సింది టీచరు. ఇద్దరం కలిస్తేనే పాఠం.

సమాఖ్యను నేను అడిగేది మూడే. ఈసారి శాలువాల ఖర్చులో కొంత మన పేటల్లోని మిడిల్ స్కూళ్లకు ప్రయోగాల సామానుగా ఇవ్వండి. నెలకోసారి ఒక నేతగాణ్ణో, అద్దకం తెలిసినవాళ్లనో టీచరు ఒప్పుకుంటే క్లాసుకు పంపండి. సామాను బీరువాలో తాళం పడకుండా, పిల్లల చేతికి వస్తోందా అని ఇద్దరు తల్లులు పోయి చూసిరావాలి.

మార్కులు ఎన్నని అడిగే మనం, ఈరోజు బడిలో ఏం చేసి చూశావురా అని కూడా అడుగుదాం.